క్లోరిన్ వద్దనుకుని మొదలుపెట్టాను: సొంత నీళ్లు, సొంత మట్టి, ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

పొద్దున్నే కుళాయి తిప్పితే తుప్పు రంగులో నీళ్లొచ్చాయి. నీటి సరఫరా ఆఫీసుకి ఫోన్ చేస్తే "టెస్టులు రెగ్యులర్‌గా చేస్తూనే ఉన్నామండీ, అంతా సేఫ్" అన్నారు. ఎప్పుడు చేశారు, ఎక్కడి నీళ్లు పట్టి చేశారు అని అడిగాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత "రిపోర్టులో అలాగే ఉందండీ" అని పెట్టేశారు.

అప్పటికే నాకు కుళాయి నీళ్లంటే మంట. ఆ క్లోరిన్ వాసన, అది విషమంటూ మా బాబాయ్ రోజూ పంపే మెసేజీలు, అన్నీ కలిసి ఆ రోజు ఒక నిర్ణయానికి వచ్చేశాను. ఒక ఏడాదిలో నీళ్లు, మట్టి, కొంత తిండి, కొంత కరెంటు సొంతంగా చేసుకోవాలి, ఎవడో "సేఫ్" అంటే తలూపే అవసరం లేకుండా. ఒక నోట్‌బుక్ కొన్నాను. ప్రతి పేజీ మధ్యలో గీత. ఎడమవైపు "చెప్పింది", కుడివైపు "చూసింది". ఆ రోజు నా మనసులో ఎడమవైపు రాయబోయేవన్నీ ఆఫీసుల మాటలే. ఏడాది తిరిగేసరికి బాబాయ్ మాటలు, అమ్మేవాళ్ల మాటలు, అన్నిటికంటే ఎక్కువ నా మాటలే అక్కడ చేరతాయని అప్పటికి తెలీదు.

ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్లో 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని నీటి వనరు మార్చారు, పైపులు తినకుండా కలపాల్సిన మందు కలపలేదు, సీసం నీళ్లలోకి దిగింది. జనం రంగు నీళ్ల సీసాలు పట్టుకుని తిరుగుతుంటే అధికారులు నెలల తరబడి బాగానే ఉన్నాయన్నారు. నాకు అందులో గుర్తుండిపోయింది శాంపిల్ పట్టే పద్ధతి. పరీక్షకి నీళ్లు పట్టేముందు కుళాయి కాసేపు వదిలేయండి అని సూచనల్లోనే రాశారు. రాత్రంతా పైపులో నిలిచి సీసం పట్టిన నీళ్లు ముందే కాలవలోకి పోతాయి, సీసాలోకి మంచి నీళ్లే వస్తాయి. కాగితం మీద అబద్ధం ఒక్కటీ ఉండదు. చివరికి ఊరివాళ్లే ఒక యూనివర్సిటీ బృందంతో కలిసి ఇంటింటి శాంపిళ్లు పట్టాకే విషయం బయటపడింది.

అందుకే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్న రూలు: నీళ్లు ఎక్కడ, ఏ టైముకి, ఎన్ని నిమిషాలు వదిలాక పట్టానో రాయకుండా ఏ నంబరూ రాయకూడదు.

2వ వారం

పైకప్పు కొలిచాను. రేకుల షెడ్డు, 40 చదరపు మీటర్లు. లెక్క చాలా తేలిక: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నిటారు గోడలున్న డబ్బా ఒకటి బయట పెట్టి స్కేలుతో కొలిస్తే మొదటి పెద్ద వాన 18 మిల్లీమీటర్లు. అంటే 720 లీటర్లు రావాలి. ట్యాంకులో పడింది 540.

మిగతావి ఎటు పోయాయని రెండో వానకి గొడుగేసుకుని నిలబడి చూశాను. జోరుగా పడేటప్పుడు మూల దగ్గర గటర్ పొంగిపోతోంది, అసలు దొంగ అదే. కొంత రేకులు తడవడానికే సరిపోతుంది. కొంత మురికి నీళ్ల పైపులోకి నేనే పంపిస్తున్నా. ఎండిన రేకుల మీద దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయి కాబట్టి మొదటి అర మిల్లీమీటరు వాన ట్యాంకులోకి పోకూడదు. నా కప్పుకి అది 20 లీటర్లు. 10 సెంటీమీటర్ల వెడల్పు పైపు మీటరుకి దాదాపు 8 లీటర్లు పడుతుంది, కాబట్టి రెండున్నర మీటర్ల పైపు నిలబెట్టి అడుగున మూత బిగించి, చిన్న బెజ్జం పెట్టాను. ముందు ఆ పైపు నిండుతుంది, నిండాకే నీళ్లు ట్యాంకు వైపు మళ్లుతాయి, తర్వాత బెజ్జంలోంచి మెల్లగా ఖాళీ అవుతుంది. మొదటిసారి బెజ్జం పెట్టడం మర్చిపోయా. వారం తర్వాత మూత తీస్తే వచ్చిన వాసన గురించి ఇక్కడ రాయను.

5వ వారం

ఇసుక ఫిల్టర్. ఇది నా గర్వం, నా సిగ్గు కూడా.

పని చేసే తీరు అందంగా ఉంటుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో అడుగున గులకరాళ్లు, పైన సన్న గులక, ఆ పైన కడిగిన సన్న ఇసుక. బయటికి వెళ్లే పైపు చివర ఎత్తు ఇసుక మట్టానికి 5 సెంటీమీటర్లు పైన ఉండాలి, అప్పుడు ఇసుక ఎప్పుడూ ఎండదు. ఇసుక పై పొరలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి, అవే వచ్చే క్రిముల్ని తింటాయి. వడపోత సగం, జీవం సగం అన్నమాట. నెమ్మదిగా పారే ఇసుక ఫిల్టర్లు కొత్తవేం కాదు, లండన్‌లో ఒక నీటి కంపెనీ 1829లోనే పెద్ద ఎత్తున కట్టింది. ఇంట్లో రోజూ ఆపి ఆపి పోసుకునే ఈ చిన్న రకం మాత్రం 1990ల నాటిది.

చదరపు మీటరు ఇసుకకి గంటకి 400 లీటర్లు దాటకూడదు. నా డ్రమ్ము పావు చదరపు మీటరు, అంటే గంటకి 100. బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలిస్తే 230 వస్తోంది. ఇసుక లావైంది. 0.7 మిల్లీమీటర్ల జల్లెడ తెచ్చి మొత్తం తీసి మళ్లీ జల్లించాను, రెండు రోజులు నడుం లేవలేదు. రెండోసారి 90.

ఇప్పుడు సిగ్గు పడే భాగం. ఫిల్టర్ పండడానికి నెల రోజుల దాకా పడుతుందని చదివాను, నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. అయినా తొమ్మిదో రోజు నీళ్లు గాజులా మెరుస్తుంటే, మా ఆవిడ చూస్తుండగా, ఒక గ్లాసు గటగటా తాగేశాను. మూడు రోజులు బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య తిరిగాను. నాలుగో రోజు నిమ్మళించాక బ్యాక్టీరియా పరీక్ష సీసాలు తెప్పించాను. మలం నుంచి వచ్చే క్రిములుంటే ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లబడుతుంది. నా గాజులాంటి నీళ్లు మర్నాటి సాయంత్రానికే బొగ్గు.

"ఇంత కష్టం ఎందుకు, మరిగించుకు తాగొచ్చుగా" అంది మా ఆవిడ. ఆ మాటకి అప్పుడు కోపం వచ్చింది.

9వ వారం

సీసా రెండు రోజులైనా నల్లబడలేదు. మళ్లీ చేశాను, నల్లబడలేదు. తర్వాత నాలుగు రోజులు మేం లేము, ఫిల్టర్‌లో ఎవరూ నీళ్లు పోయలేదు. వచ్చి చేస్తే మళ్లీ నలుపు. దానికి రోజూ మేత వేయాలి, రెండు రోజులకు మించి పస్తు పెడితే పై పొర చస్తుంది. సొంత నీళ్లు అంటే ఒక పెంపుడు జంతువని నాకెవరూ చెప్పలేదు.

అందుకే దాని తర్వాత ఎండ కూడా కలిపాను. ఫిల్టర్ నీళ్లు రెండు లీటర్ల లోపు పారదర్శకమైన పెట్ సీసాల్లో నింపి రేకు మీద పడుకోబెడితే, మంచి ఎండైతే 6 గంటలు, మబ్బు ఎక్కువుంటే వరుసగా రెండు రోజులు. నీళ్లు మసగ్గా ఉంటే కుదరదు. సీసాని పేపర్ మీద నిలబెట్టి పైనుంచి చూస్తే హెడ్డింగు అక్షరాలు చదవగలగాలి. ఇది ఇప్పటివరకు నన్ను మోసం చెయ్యని పద్ధతి, వానాకాలం తప్ప.

11వ వారం

వాటర్ ఫిల్టర్లు అమ్మే అబ్బాయి వచ్చాడు. చిన్నవాడు, టై కట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. ఒక గ్లాసులో మా కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో వాళ్ల మెషీన్ నీళ్లు పోసి, రెండు జతల కడ్డీలున్న పరికరం ముంచి ప్లగ్ పెట్టాడు. నిమిషంలో కుళాయి నీళ్లు గోధుమ రంగుకి తిరిగి, ఆకుపచ్చ ముక్కలు తేలి, చూడలేకపోయాం. మెషీన్ నీళ్లు తెల్లగా అలాగే ఉన్నాయి. "చూశారా సార్, మీరు తాగేది ఇదే."

బాబాయ్ అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. వాళ్లింట్లో ఆ మెషీన్ ఇదే ఆట చూసి కొన్నదే. "చెప్తే వినవు కదరా" అన్నాడు నాతో.

నేను బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి పోసి ముంచమన్నాను. ఏమీ కాలేదు. అందులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచమన్నాను. కుళాయి నీళ్ల కంటే అసహ్యంగా తిరిగాయి. ఆ కడ్డీలలో ఒక జత ఇనుము. నీళ్లలో ఉప్పులుంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పవుతుంది. గ్లాసులో కనిపించింది ఆ కడ్డీ ముక్కే. మెషీన్ నీళ్లలో ఉప్పులు తీసేశారు కాబట్టి కరెంటు పారలేదు, అంతే. క్రిములున్నాయో లేవో, సీసముందో లేదో ఆ ఆట ఒక్క ముక్క చెప్పదు. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు కూడా అంతే, కరిగిన ఉప్పులెన్నో చెబుతుంది తప్ప మురుగు కలిసిందా అంటే దానికి తెలీదు.

అబ్బాయి కాసేపు గ్లాసు వంక చూసి "ట్రైనింగ్‌లో మాకు ఇలాగే నేర్పారు సార్" అన్నాడు. వాడి మీద కోపం రాలేదు. మంచినీళ్లిచ్చి పంపించాం. ఎండ సీసాలోవి.

బాబాయ్ మాత్రం వారం రోజులు మెసేజీలు పంపలేదు.

14వ వారం

మట్టి. దీని మీద త్వరగా రాసేస్తాను. సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, ఒక చుక్క సబ్బు వేసి ఊపి వదిలేస్తే నిమిషంలో ఇసుక, కొన్ని గంటల్లో ఒండ్రు, ఒకటి రెండు రోజులకి బంకమట్టి వరుసగా పేరుకుంటాయి. నాది సగానికి పైగా ఇసుక. మడులు రోడ్డు పక్కన వేద్దామనుకుని వెనక్కి మార్చాను, ఎందుకంటే సీసం కలిపిన పెట్రోలు 1920ల నుంచి దశాబ్దాలు తగలబెట్టారు, అప్పుడు దానికీ "సేఫ్" అనే పేరుంది, ప్రపంచంలో చివరి దేశం ఆపింది 2021లో. రోడ్డు పక్క మట్టిలో పడ్డ సీసం ఎటూ పోదు.

రెండు తెల్ల నూలు గుడ్డలు పాతిపెట్టాను, ఒకటి ఆకులు కప్పిన మడిలో, ఒకటి బోడి నేలలో. రెండు నెలలకి తీస్తా.

17వ వారం

24 టమాటా మొక్కలు పోయాయి.

పోయాయంటే ఎండిపోలేదు. పై ఆకులు దొన్నెల్లా మడుచుకున్నాయి, కాడలు మెలితిరిగాయి, చిగుళ్లు ఫెర్న్ ఆకుల్లా సన్నబడ్డాయి. వైరస్ అనుకున్నా. నీళ్లు ఎక్కువయ్యాయనుకున్నా. రాత్రిళ్లు టార్చ్ వేసుకుని పురుగుల కోసం వెతికా. చివరికి చూస్తే పాడైనవన్నీ కొత్త ఎరువు వేసిన మడిలోవే, పాత కంపోస్టు మడిలో నాలుగు మొక్కలు శుభ్రంగా ఉన్నాయి.

ఆ ఎరువు "వంద శాతం సహజం" అని తెచ్చిన పశువుల ఎరువు. అమ్మినాయన అబద్ధం చెప్పలేదేమో కూడా, ఆయనకి అది పేడే. కానీ గడ్డి మైదానాల్లో వెడల్పాటి ఆకుల కలుపుని చంపే కొన్ని మందులున్నాయి, అమైనోపైరలిడ్, క్లోపైరలిడ్ లాంటివి. ఆ గడ్డి తిన్న పశువు కడుపులోంచి మందు అలాగే బయటికి వస్తుంది, పేడ మాగినా పోదు, కంపోస్టు వేడికీ సులువుగా లొంగదు. బ్రిటన్‌లో 2008లో ఇంటి తోటల్లో ఇలాగే పంటలు పోయి, అమైనోపైరలిడ్ అమ్మకం కొంతకాలం ఆపారు. అంటే దీనికి అనుమతులున్నాయి, లేబుళ్లున్నాయి, ఆ గడ్డి తిన్న పశువుల పేడని ఎరువుగా వాడకూడదనే హెచ్చరిక కూడా మందు డబ్బా మీద ఎక్కడో ఉంటుంది. కానీ మందు డబ్బా ఒకరి దగ్గరుంటుంది, గడ్డి ఇంకొకరికి పోతుంది, పేడ నాకొస్తుంది. డబ్బా మీద రాసిన మాట పేడతో పాటు రాదు.

ఇది పట్టుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. బీన్స్ గింజలు చాలు. నాలుగు కుండీల్లో అనుమానమున్న ఎరువు, తెలిసిన మంచి మట్టి చెరి సగం, ఇంకో నాలుగు కుండీల్లో మంచి మట్టి మాత్రమే. కుండీకి మూడు గింజలు, కింద విడివిడి పళ్లేలు (నీళ్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోకుండా), మూడు వారాలు. మూడో ఆకు వచ్చేసరికి తెలిసిపోయింది. ఒకవైపు ఆకులు చదునుగా అరచేతుల్లా, ఇంకోవైపు పిడికిలి బిగించినట్టు.

అమ్మినాయనకి ఫోటోలు చూపించాను. "మా గేదెలు బాగానే ఉన్నాయండి" అన్నాడు. నిజమే, అవి బాగానే ఉంటాయి. ఇప్పుడు బయటి ఎరువు ఏదైనా మూడు వారాల బీన్స్ పరీక్ష అయ్యాకే మడిలోకి.

19వ వారం

మా కంపోస్టు కుప్ప 58 డిగ్రీలు. పొడుగు థర్మామీటరు గుచ్చి, చెయ్యి కాలి, నవ్వుకుని వచ్చాను. ఎండు ఆకులు ఎక్కువ, పచ్చివి తక్కువ వేసి పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంచితే చాలు. ఇంత హాయిగా జరిగిన పని ఈ ఏడాదిలో ఇంకోటి లేదు.

22వ వారం

గుడ్డలు తీశాను. ఆకుల మడిలో గుడ్డ అంచు కుట్టు దారం తప్ప ఏమీ మిగల్లేదు, ఆ దారం పాలిస్టర్. బోడి నేలలో గుడ్డ కొంచెం మరకలతో, ఉతికితే కట్టుకోవచ్చు అన్నట్టుంది. మట్టిలో జీవం గురించి చదివిన పేజీలన్నీ ఒకవైపు, ఆ రెండు గుడ్డలు ఒకవైపు. పాత హైబ్రిడ్ టమాటా గింజలు దాచి వేసిన మొక్కల సంగతి కూడా ఇక్కడే రాస్తా: "హైబ్రిడ్ గింజ మొలవదు" అన్నారు, పదికి తొమ్మిది మొలిచాయి. కాకపోతే తొమ్మిదీ తొమ్మిది రకాలు, ఒక్కటీ తల్లిలా లేదు. మొలవదు అన్నది తప్పు, తల్లిలా రాదు అన్నది ఒప్పు.

గుమ్మడి జాతి గింజలు మాత్రం దాచడం మానేశా. తేనెటీగలు అలంకరణ కోసం పెంచే చేదు రకాలతో కలిపేస్తే తర్వాతి తరం కాయలో విషపు చేదు రావచ్చు, కాయ చేదుగా ఉంటే మింగకుండా ఉమ్మేయాలి.

26వ వారం

బోరుబావి గురించి రాయాలి. వాయిదా వేస్తూ వచ్చాను.

ఇంటి వెనక పాత బోరు ఉంది. బాబాయ్ మొదటి నుంచీ చెప్పేది అదే: "భూమి లోపల్నించి వచ్చే నీళ్లకి టెస్టులేంట్రా, మన తాతలు టెస్టులు చేయించుకునే తాగారా?" నాకూ ఆ మాట తియ్యగా ఉండేది. వాన నీళ్లు అయిపోయిన నెలలో ఫిల్టర్‌లోకి బోరు నీళ్లే పోశాం.

నేను చదవాల్సింది చదివాను కూడా. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లతో అతిసారం వచ్చి పిల్లలు చనిపోతున్నారని 1970ల నుంచి లక్షల బోర్లు వేయించారు, అంతర్జాతీయ సంస్థలే ముందుండి. అది అప్పటి అధికారిక మాట: బోరు నీళ్లు సేఫ్. క్రిముల సంగతిలో ఆ మాట నిజం. ఆర్సెనిక్ అనే విషానికి మాత్రం ఎవరూ పరీక్ష చేయలేదు. 1993లో అక్కడి బోర్లలో అది ఉన్నట్టు తేలింది, అప్పటికి కోట్ల మంది ఆ నీళ్లు తాగుతున్నారు. ఆ ఆర్సెనిక్ ఏ ఫ్యాక్టరీ కలిపిందీ కాదు, నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఉన్నదే, పూర్తిగా ప్రకృతి సరుకు. ఈ కథ నేను పదిమందికి చెప్పాను, అధికారుల్ని నమ్మకూడదనడానికి. అదే కథ నా బోరుకీ వర్తిస్తుందని తట్టలేదు.

అక్క వచ్చింది, మూడు నెలల పాపతో. డబ్బా పాలు. రెండు రోజులు అమ్మ బోరు నీళ్లు బాగా మరిగించి పాలు కలిపింది. మూడో రోజు, అంతకు ముందు వారం ఊరికే ఉండనీ అని ల్యాబ్‌కిచ్చిన బోరు నీళ్ల రిపోర్టు వచ్చింది. ఆర్సెనిక్ లేదు. నైట్రేట్ లీటరుకి 68 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 50, అది పెట్టిందే సీసా పాలు తాగే పసిపిల్లల కోసం. కడుపులో నైట్రేట్ నైట్రైట్‌గా మారి రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది, బిడ్డ నీలంగా మారుతుంది.

"అక్కా, ఆ పాలు పట్టకు."

"ఏమైందిరా? అమ్మ మరిగించే కలిపింది."

మరిగిస్తే క్రిములు చస్తాయి. నైట్రేట్ చావదు, నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. ఈ ముక్క అక్కకి చెబుతున్నప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. పాపకి ఏమీ కాలేదు, పెదాలు, గోళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే బాగుంది అన్నారు. అక్క నన్నేమీ అనలేదు. అమ్మ ఆ గిన్నె తోమి బోర్లించి, ఆ రోజంతా వంటింట్లోంచి బయటికి రాలేదు.

నైట్రేట్ ఎక్కడిది? ముందు చుట్టుపక్కల పొలాల్లో యూరియా అనుకున్నా, ఎడమ కాలమ్‌లో రాసేశా కూడా. తర్వాత టేపు పట్టుకుని బోరు నుంచి మా ఇంటి మరుగుదొడ్డి ఇంకుడు గుంత దాకా కొలిచాను. 9 మీటర్లు. కనీసం 15 ఉండాలంటారు, ఇసుక నేలైతే ఇంకా ఎక్కువ. నాది సగానికి పైగా ఇసుక అని సీసాలో నేనే చూశాను.

27 నుంచి 30వ వారం

పాప కోసం కుళాయి నీళ్లు తప్ప దారి లేదు. మళ్లీ మొదటి రోజు దగ్గరికే వచ్చాను.

ఈసారి క్లోరిన్ కొలిచాను. డీపీడీ మాత్ర ఒకటి, పది మిల్లీలీటర్ల నీళ్లు, గులాబీ రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు, ఎంత గులాబీ అయితే అంత. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఎంత తక్కువుంటే అంత మంచిదని నేననుకునేవాణ్ని. అది మిగలకపోవడం అంటే దారిలో ఏదో మురికి దాన్ని తినేసి ఉండొచ్చని, ఇంకా లోపలికి వస్తున్న మురికిని ఆపేది ఏమీ లేదని అర్థం.

20 రోజులు, పొద్దున ఆరున్నరకి, రెండు నిమిషాలు వదిలాక, వీధిలోంచి వచ్చే మొదటి కుళాయి దగ్గర. 13 రోజులు సున్నా. నీళ్లు తెల్లగానే ఉన్నాయి, ఆ సున్నా రోజుల్లో నాలుగుసార్లు బ్యాక్టీరియా సీసా పెడితే మూడు నల్లబడ్డాయి. ఎప్పుడూ గొంతులో మంట పుట్టించిన ఆ వాసన ఈమధ్య రావట్లేదని సంతోషపడ్డ రోజులివి.

దీని చరిత్ర చదివితే నవ్వొచ్చింది. అమెరికాలో జెర్సీ సిటీ నీళ్లకి 1908లో జాన్ లీల్ అనే డాక్టర్ క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది ఎవరి అనుమతీ లేకుండా. తాగే నీళ్లలో బ్లీచింగ్ పౌడరా అని అందరూ ఉలిక్కిపడ్డారు, కోర్టు కేసు నడిచింది, ఆయన పద్ధతే నిలిచింది. అంటే అప్పట్లో క్లోరిన్ వేయడమే తిరుగుబాటు. క్లోరిన్‌తో ఇబ్బందులు లేవని కాదు, ఆకుల మురికి ఎక్కువున్న నీళ్లలో కలిపితే ట్రైహాలోమీథేన్లు అనే హానికర రసాయనాలు పుడతాయి, వాటికీ హద్దులున్నాయి. బాబాయ్ మెసేజీల్లో ఆ ముక్క వరకు నిజమే. నల్లబడ్డ సీసా గురించే వాటిలో ఉండదు.

నోట్‌బుక్ పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. మొదటి రోజు ఫోన్‌లో అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాను, శాంపిల్ ఎక్కడ పట్టారని. ఈసారి ఎదురుగా ఒక జూనియర్ ఇంజనీర్ ఉంది, రిజిస్టర్ తీసి చూపించింది. పంపుహౌస్ దగ్గర, రోజూ, 0.8. ఆ నంబరు నిజమే. మా వీధి చివర్లో ఎవరూ ఎప్పుడూ పట్టలేదు, అదీ నిజమే. నా 20 రోజుల పట్టిక చూసి "టైము కూడా రాశారా" అంది. మూడో రోజు మనుషులొచ్చి తవ్వితే, మురుగు కాలవ దాటే చోట పైపు జాయింటు పగిలి ఉంది. పంపు ఆగిన గంటల్లో పైపులో ఒత్తిడి పోయి కాలవ నీళ్లు లోపలికి లాక్కుంటోంది.

క్లోరిన్ తప్పించుకోవడానికి ప్రాజెక్టు మొదలుపెట్టి, క్లోరిన్ రావట్లేదని కంప్లైంట్ ఇచ్చి వచ్చాను. మా ఆవిడ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

36వ వారం

సోలార్. 100 వాట్ల ప్యానెల్, మిట్టమధ్యాహ్నం క్లాంప్ మీటర్ పెడితే 71. మోసపోయాను అనుకున్నా. ప్యానెల్ వెనక రాసిన 100 అనేది చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుతురు, సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి మాట, నా రేకు మీద సెల్ వేడి 60 దాటుతోంది. అయినా అసలు దోషం నాదే, ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య చౌకలో వచ్చే పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ పెట్టాను. అది ప్యానెల్ 18 వోల్టుల్ని బ్యాటరీ 13 వోల్టుల దగ్గరికి లాగేస్తుంది, 5.5 ఆంపియర్లు, 13 వోల్టులు, గుణిస్తే దాదాపు 71. ఆ వోల్టులు వృథా చేయని ఎంపీపీటీ రకం కంట్రోలర్ పెట్టాక 84. రోజుకి దాదాపు 380 వాట్-అవర్లు వస్తాయి. నాలుగు లైట్లు ఐదు గంటలకి 180, ఒక మంచి ఫ్యాన్ ఆరు గంటలకి ఇంకో 180. ఫ్రిజ్ మాట ఎత్తొద్దు.

41వ వారం

బంగాళాదుంపలు తవ్వాం. 6 చదరపు మీటర్లలో 13.4 కిలోలు, చేతులు నిండా మట్టి, అందరం ఫోటోలు. రాత్రి కూర్చుని లెక్క వేశా. కిలోకి 770 కిలోకేలరీలు. మొత్తం పది వేల పైచిలుకు. రోజుకి 2000 చొప్పున ఒక మనిషికి ఐదు రోజులు. ఏడాది మొత్తం ఒక్కడు దుంపలే తిని బతకాలంటే 950 కిలోలు, నా దిగుబడి ప్రకారం 425 చదరపు మీటర్లు. నా దగ్గరున్న ఖాళీ నేల మొత్తం 70. స్వయం సమృద్ధి అనే మాట నోట్‌బుక్ అట్ట మీద పెద్దక్షరాల్లో రాసుకున్నాను, దాని పక్కన చిన్నగా "5 రోజులు" అని రాశాను. రుచి మాత్రం ఆ ఐదు రోజులూ అద్భుతం.

47వ వారం

ప్రస్తుతం ఇలా ఉంది. వాన నీళ్లు ఫిల్టర్ దాటి ఎండ సీసాల్లోకి, ఎండ ఉన్న నెలల్లో తాగడానికి అవే. మిగతా నెలల్లో కుళాయి నీళ్లు, వారానికి రెండుసార్లు డీపీడీ మాత్ర, ఈ నెలంతా 0.3 కి తగ్గలేదు. బోరు తోటకి మాత్రమే, నైట్రేట్ ఉన్నా మొక్కలకి అది ఎరువే. ఇంకుడు గుంత మార్చే పని సగంలో ఉంది, కొత్త గుంత బోరుకి 22 మీటర్ల దూరంలో, నేను తవ్విందే.

నిన్న బాబాయ్ ఫోన్ చేశాడు. పోయిన నెల నా దగ్గర పది డీపీడీ మాత్రలు తీసుకెళ్లాడు, ఎందుకని నేనడగలేదు.

"మా కుళాయిలో నాలుగు రోజుల నుంచి గులాబీ రావట్లేదురా. ఏం చెయ్యాలి?"

"ఏ టైముకి పట్టావు బాబాయ్? ఎంతసేపు వదిలాక?"

అటువైపు కాసేపు చప్పుడు లేదు. "అది రాయలేదురా" అన్నాడు. రేపు పొద్దున ఆరింటికి సీసాలు, ఇంకో నోట్‌బుక్ తీసుకుని వాళ్లింటికి వెళ్తున్నా.